లాగ్ తీసే ముందు జవాబు ఎంత ఉంటుందో అంచనా వేయించండి

ఇంటర్ చదువుతున్న మీ తమ్ముడికి సంవర్గమానాల (లాగ్‌ల, అంటే ఒక సంఖ్య రావాలంటే 10ని ఎంత పవర్‌కు పెంచాలో చెప్పే సంఖ్యల) సూత్రాలన్నీ కంఠస్థమే అయినా, 2 పవర్ ఎక్స్ = 3 పవర్ (ఎక్స్ − 1) వంటి సమీకరణం కనబడగానే జవాబు తప్పుతోందనీ, ఇంకేం సూత్రాలు నేర్పాలనీ మీరు అడిగారు. సూత్రాలు ఇంకేమీ నేర్పవద్దని నా సలహా. విజయనగరంలో చాలాకాలంగా ఇంటి దగ్గర లెక్కల ట్యూషన్ చెబుతున్నవాడిగా నేను గమనించినది ఏమిటంటే, ఈ పాఠంలో తప్పే పిల్లల్లో సూత్రం రానివారు తక్కువ, వచ్చిన జవాబు ఎంత పెద్దదో, ఎంత చిన్నదో పట్టించుకోనివారే ఎక్కువ. ‘ఇరువైపులా లాగ్ తీయుము’ అన్న వాక్యాన్ని సంకల్పం చెప్పినట్టు చెప్పి, ఆ తరువాత ఏ సంఖ్య వస్తే దాని కింద గీత గీసి పక్క లెక్కకు వెళ్లిపోతారు.

ఒక సాయంత్రం మా ట్యూషన్‌కు వచ్చే కుర్రవాణ్ణి తీసుకెళ్లడానికి వాళ్ల నాన్న వచ్చాడు. ఆయన చీపురుపల్లి వైపు గోగునార పండించే రైతు. జేబులోంచి మడత పెట్టిన ప్రోనోటు నకలు తీసి నా ముందు పెట్టాడు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అని అందులో రాసి ఉంది. ‘‘రెండ్రూపాయల వడ్డీకి అసలు రెండింతలవ్వాలంటే యాభై నెల్లు పట్టాల కదండీ మాస్టారూ, మూడేళ్లకే అయిపోనాదంటాడేటండీ?’’ అని అడిగాడు. బారువడ్డీకి ఆయన నోటిలెక్క అక్షరాలా సరైనదే. అప్పిచ్చినవాడు మాత్రం ప్రతి నెలా వడ్డీని అసలులో కలుపుతూ పోయాడు. పదివేలకు మొదటి నెల వడ్డీ 200 అయితే, రెండో నెల 10,200 మీద 204 అవుతుంది, అలా పెరుగుతూ పోతుంది. కనుక 1.02 పవర్ ఎన్ = 2 అయ్యే ఎన్ ఎంతో తెలిస్తే ఆ మూడేళ్ల మాట ఎక్కడి నుంచి వచ్చిందో తేలిపోతుంది. ఆ లెక్క చేయమని కుర్రవాడికే ఇచ్చాను.

వాడు ఇరువైపులా లాగ్ తీశాడు, ఎన్ × లాగ్ 1.02 = లాగ్ 2 అని రాశాడు, పట్టికలో చూసి 0.0086, 0.3010 అన్న విలువలు కూడా సరిగ్గానే దించాడు. అంతవరకూ వేలు పెట్టడానికి లేదు. అక్కడి నుంచి ఎన్ = లాగ్ 2 ÷ లాగ్ 1.02 అని రాసి, భాగహారం కనబడితే తీసివేత చేయాలన్న సూత్రం గుర్తుకొచ్చి, 0.3010లోంచి 0.0086 తీసేసి 0.2924 అని గీత గీశాడు. ‘‘అంటే ఎన్నాళ్లురా?’’ అని తండ్రి అడిగాడు. నెలలో మూడో వంతు కూడా లేదు, సుమారు తొమ్మిది రోజులని వాడు తలెత్తకుండానే చెప్పాడు. ‘‘తొమ్మిది రోజులకే డబ్బు రెండింతలైతే పొలమెందుకురా, నేనే వడ్డీలకిచ్చుకుందును కదా’’ అని ఆయన పకపకా నవ్వాడు. తప్పు మొదట పట్టుకున్నది లాగ్ అన్న మాట ఎప్పుడూ వినని ఆ మనిషి.

రెండు సంఖ్యల భాగఫలానికి తీసిన లాగ్ వేరు, రెండు లాగ్‌ల భాగఫలం వేరు. తీసివేత సూత్రం మొదటిదానికే వర్తిస్తుంది. ఇక్కడ ఉన్నది రెండోది కాబట్టి 0.3010ని 0.0086తో భాగించవలసిందే, అప్పుడు 35 వస్తుంది. అంటే నెలనెలా వడ్డీకి వడ్డీ కలిపితే ముప్పై అయిదు నెలల్లో అసలు రమారమి రెట్టింపవుతుంది. కాబట్టి అప్పిచ్చినవాడి మూడేళ్ల లెక్కలో తప్పు లేదు. నెలనెలా వడ్డీని అసలులో కలుపుతామన్న షరతు మాత్రం ఆ నోటులో ఎక్కడా లేదు. పెద్దమనుషుల్లో మాట్లాడవలసింది లెక్క గురించి కాదు, ఆ షరతు గురించేనని చెప్పి పంపాను.

ఇక మీ తమ్ముడి సమీకరణం దగ్గరకు వస్తే, లాగ్ తీయించే ముందు ఎక్స్‌కు రెండు మూడు విలువలు పెట్టి చూడమనండి. ఎక్స్ 2 అయితే ఎడమవైపు 4, కుడివైపు 3. ఎక్స్ 3 అయితే ఎడమవైపు 8, కుడివైపు 9. ఎక్కువగా ఉన్న వైపు తక్కువైపోయింది కాబట్టి జవాబు 2కూ 3కూ నడుమ ఉండి తీరాలి. ఇప్పుడు లాగ్ తీస్తే ఎక్స్ × లాగ్ 2 = (ఎక్స్ − 1) × లాగ్ 3 అవుతుంది, ఎక్స్‌లను ఒక పక్కకు చేరిస్తే లాగ్ 3ని లాగ్ 3, లాగ్ 2ల తేడాతో భాగించాలని తేలుతుంది. 0.4771ని 0.1761తో భాగిస్తే సుమారు 2.71. ఇందులో కుండలీకరణం (బ్రాకెట్) మరచిపోయి ఎక్స్ లాగ్ 3 − 1 అని రాసే పిల్లలకు వేరే సంఖ్య వస్తుంది, అయితే అంచనా ముందే వేసుకున్నవాడికి ఆ సంఖ్య 2కూ 3కూ నడుమ లేదని వెంటనే తెలిసిపోతుంది.

పోటీ పరీక్షల కోచింగులలో ముందే అంచనా వేసుకునే ఈ అలవాటు పూర్తిగా పోయింది. నాలుగు ఐచ్ఛికాలనూ (ఆప్షన్లనూ) సమీకరణంలో పెట్టి చూసే విద్య నేర్పుతారు గానీ, ఐచ్ఛికాలు లేని రోజున ఏం చేయాలో చెప్పరు. స్కాట్లండ్ గణితజ్ఞుడు నేపియర్ దాదాపు ఇరవై ఏళ్లు శ్రమపడి 1614లో సంవర్గమానాలను ప్రకటిస్తే, 10 ఆధారంగా వేయి సంఖ్యల వరకు ఇంగ్లండ్ గణితజ్ఞుడు బ్రిగ్స్ 1617లో పద్నాలుగు దశాంశ స్థానాలతో పట్టిక అచ్చువేశాడు. అంత శ్రమా పెద్ద గుణకారాలను కూడికలుగా మార్చుకోవడానికే. మన పిల్లలకు మాత్రం కూడిక కనబడినా లాగ్ తీసేయాలనిపిస్తుంది. 3 పవర్ ఎక్స్ + 3 పవర్ (ఎక్స్ + 1) = 108 అని ఇస్తే ఒక్కో పదానికీ విడివిడిగా లాగ్ రాస్తారు, కూడిక మీద లాగ్ అలా పంచబడదు. ఉమ్మడిగా ఉన్న 3 పవర్ ఎక్స్‌ను బయటకు తీస్తే దాని 4 రెట్లు 108 అవుతుంది, 3 పవర్ ఎక్స్ 27, ఎక్స్ 3. లాగ్‌తో అసలు పనే లేదు.

ఒక్కటి మిగిలింది. రుణ మూలం (సున్నా కంటే తక్కువైన జవాబు) వస్తే కొట్టివేయాలని చాలామంది అయ్యవార్లు చెబుతారు, అది తప్పు. లాగ్ (ఎక్స్ + 6) + లాగ్ (ఎక్స్ + 3) = 1 అన్న సమీకరణాన్ని సాధిస్తే −1, −8 అని రెండు మూలాలు వస్తాయి, రెండూ రుణాత్మకాలే. −1 పెడితే లాగ్ 5, లాగ్ 2ల మొత్తం 1 అవుతుంది, కాబట్టి అది నిఖార్సయిన సాధన. −8 పెడితే లాగ్ (−2), లాగ్ (−5) వస్తాయి, వాటికి వాస్తవ విలువ లేదు. అయినా −2, −5ల లబ్ధం 10 కాబట్టి, రెండు లాగ్‌లను ఒకటిగా కలిపేసిన తరువాత మిగిలిన వర్గ సమీకరణం ఆ మూలాన్ని కూడా ఒప్పుకుంటుంది. చూడవలసింది ఎక్స్ గుర్తును కాదు, లాగ్ లోపల ఉన్న సంఖ్య గుర్తును. మీ తమ్ముడి చేత లెక్క మొదటి పంక్తిలోనే ఎక్స్ + 6, ఎక్స్ + 3 రెండూ సున్నా కంటే ఎక్కువ కావాలని, అంటే ఎక్స్ −3 కంటే పెద్దదని రాయించండి. అప్పుడు −8ని ఎందుకు వదిలేశాడో వాడు విడిగా చెప్పనక్కరలేదు.