మిద్దె మీద కచేరీ పెడుతున్నావట

చి. అమ్మలుకి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం కులాసా. నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నెలకో ఆదివారం మీ పద్మారావునగర్ అపార్ట్‌మెంటు మిద్దె మీద కచేరీ పెడతావట. ఓ నెల వయొలిను, మృదంగం. ఇంకో నెల గిటారు, కీబోర్డు. వచ్చినవాళ్లకి వీధి కబుర్లు అచ్చేసిన నాలుగు పేజీల కాయితం చేతిలో పెడతావట. పక్క ఫ్లాటు వాళ్ల పేరు తెలియకుండానే పదేళ్లు గడిచిపోయే ఊళ్లో ఇలాంటి పని నెత్తికెత్తుకున్న పిల్ల మన ఇంట్లోది అంటే గర్వంగానే ఉంది. ఆ గర్వం ఓ రెండు నిమిషాలుంది. తర్వాత మీ అమ్మ "కరెంటు లిఫ్టు రూములోంచి లాగుతారట అన్నయ్యా" అంది. అప్పట్నుంచి నిద్ర లేదు.

తెలిసిన సంగతులు చెప్పి విసిగించను. అసోసియేషన్ వాళ్ల సంతకం తీసుకో. మైకు పెడితే పోలీసుల దగ్గర రాతపూర్వకంగా పర్మిషన్ ఉండాలి. సాయంత్రం ఆరుకి మొదలెట్టి ఎనిమిదిన్నరకి ముగించు. పిట్టగోడ పక్కన కుర్చీలు వేయకు, పిల్లలెక్కుతారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మిద్దె మాట మరిచిపో. టిక్కెట్ పెట్టకు, యాభై రూపాయలైనా సరే. ఔత్సాహిక సంఘం ఊరికే వినిపిస్తే కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది, డబ్బు పుచ్చుకుంటే అది చెల్లదు. త్యాగరాజు 1847లో పోయారు కాబట్టి ఆయన కీర్తనలకి ఆ గొడవే లేదు. సినిమా పాటలకి ఉంది.

ఇక లిఫ్టు రూము. ఆ తలుపు ముట్టుకోకు. అక్కడికి వచ్చేది మూడు ఫేజుల సప్లై, రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు. అయినా మీకు కావలసింది ఎంతని? లెక్క వేసి చూడు. 300 వాట్ల స్పీకరు బాక్సులు రెండు, మైకుల శబ్దాలన్నీ కలిపే మిక్సర్‌కి 40, కీబోర్డుకి 30, గిటారు ఆంప్లిఫయర్‌కి 100, ఎల్ఈడీ దీపాలు నాలిగింటికి 200, లాప్‌టాప్‌కి 90. అంతా కలిపి 1,060 వాట్లు. 230 వోల్టుల మీద ఐదు ఆంపియర్లు కూడా కాదు. పై అంతస్తులో ఎవరింట్లోనైనా ఏసీ పాయింటు ఒకటి ఇస్తే చాలు, దానికి విడిగా ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే తనంతట పడిపోయే స్విచ్చి, ఉంటుంది. టీ కెటిల్ మాత్రం ఆ బోర్డుకి పెట్టనివ్వకు. అదొక్కటే మీ కచేరీ మొత్తం కంటే ఎక్కువ తాగుతుంది.

ఒకే ఇల్లు, ఒకే పాయింటు. బాక్సులకి ఒక ఫ్లాటులోంచి, కీబోర్డుకి ఎదురు ఫ్లాటులోంచి వైరు లాగితే ఏమవుతుందో తెలుసా? అపార్ట్‌మెంటులో ఇళ్లకి ఫేజులు పంచి ఇస్తారు. ఎదురింటిది వేరే ఫేజయితే ఆ 400 వోల్టులే మళ్లీ మీ మిద్దె మీదకి వచ్చి కూచుంటాయి. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది, మూడు కోర్లది తీసుకో. డ్రమ్ముకి చుట్టి ఉన్న వైరైతే మొత్తం విప్పి పరుచు. చుట్టలో ఉన్నది ఉన్నట్టే వాడితే వేడి బయటికి పోదు, పైపొర మెత్తబడుతుంది. మైకు వైర్లూ కరెంటు వైరూ పక్కపక్కనే పరుగెత్తకూడదు. దాటక తప్పకపోతే ప్లస్ గుర్తులా అడ్డంగా దాటించు.

ఇప్పుడు ఈ ఉత్తరం దేనికి రాస్తున్నానో అది చెప్తాను. కూచుని చదువు.

అన్నీ కలిపి స్విచ్చి వేశాక బాక్సుల్లోంచి బుంయ్‌మని ఒక మోత వస్తుంది. పాట లేనప్పుడూ వస్తుంది, మైకు ఆపినా వస్తుంది. కచేరీకి ఇంకా పావుగంట ఉంటుంది, జనం మెట్లెక్కుతుంటారు. అప్పుడు ఎవడో ఒకడు, చాలా తెలిసినవాడే, వచ్చి "ఎర్త్ పిన్ను తీసేయండి, పోతుంది" అంటాడు. తీస్తాడు. మోత నిజంగానే పోతుంది. అందరూ వాణ్ణి మెచ్చుకుంటారు. మైక్‌సెట్ల వాళ్లం తరతరాలుగా చేస్తున్న తప్పు ఇది. ఈ వేళ్లూ కొన్ని పిన్నులు పీకినవే, అంతకంటే చెప్పను.

ఆ మోత ఎందుకొస్తుందంటే, ఆంప్లిఫయర్ ఎర్తూ మిక్సర్ ఎర్తూ వేర్వేరు ప్లగ్గుల దగ్గర భూమిని తాకి, మధ్యలో సిగ్నల్ వైరు తొడుగు గుండా మళ్లీ కలుస్తాయి. అదొక గుండ్రం. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, ఆ ఊపు ఈ గుండ్రంలో తిరుగుతూ బాక్సులోకి వస్తుంది. పిన్ను తీస్తే గుండ్రం తెగుతుంది, మోత ఆగుతుంది. దాంతోపాటు తెగిపోయింది ఇంకొకటి ఉంది, అది ఎవరికీ వినపడదు.

ప్లగ్గు చూడు. ఎర్త్ పిన్ను మిగతా రెంటికంటే లావు, పొడుగు. గుచ్చేటప్పుడు అన్నిటికంటే ముందు తగిలి, లాగేటప్పుడు అన్నిటికంటే చివర వదలాలని అలా చేశారు. ఆంప్లిఫయర్ లోపల ఏ వైరో ఊడి ఇనుప డొక్కుకి ఫేజు తగిలితే, ఆ కరెంటు పోవడానికి దారి అది. అది ఉంటే ఫ్యూజో ఎంసీబీయో పడిపోతుంది, దీపాలారతాయి, అందరూ "అబ్బా" అంటారు, అంతే. అది లేకపోతే డొక్కు మీద 230 వోల్టులు అలాగే నిలబడి ఉంటాయి. డొక్కుకి గిటారు వైరు తొడుగు కలిసి ఉంటుంది. తొడుగుకి గిటారు బ్రిడ్జి, బ్రిడ్జికి తీగలు. తీగల మీద పిల్లాడి ఎడమచెయ్యి. వాడు పాట ఎత్తుకోవడానికి ముందుకు వంగితే పెదవులు మైకు జాలీకి తగులుతాయి. జాలీ మిక్సర్ ఎర్తుకి కలిసి ఉంది. దారి పూర్తయింది, ఆ దారి మధ్యలో ఉన్నది వాడి గుండె.

16 ఆంపియర్ల ఎంసీబీ దానికి పడదు. మనిషిలోంచి ఆంపియరులో పదో వంతు పోయినా చాలు ప్రాణం పోవడానికి, ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. పది, పదిహేను మిల్లీ ఆంపియర్లకే కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదల్లేడు. చూసేవాళ్లకి పాటలో లీనమైపోయాడనిపిస్తుంది. బ్రిటన్‌లో స్టోన్ ది క్రోస్ అనే బృందం గిటారిస్టు లెస్ హార్వే 1972 మేలో స్వాన్సీలో జనం ముందే, ఎర్త్ సరిగా లేని మైకు ముట్టుకుని పోయాడు. అంత పెద్ద స్టేజీ మీద, అంత తెలిసినవాళ్ల మధ్య. ఇక మీ మిద్దె మీద వాటర్ ట్యాంకు పొంగి నేల తడిసి ఉంటుంది, మనవాళ్లు వేదిక ఎక్కేముందు చెప్పులు విడుస్తారు.

కాబట్టి మోత వస్తే చేయాల్సినవి వరసగా చెప్తాను. ముందు అన్ని ప్లగ్గులూ ఒకే బోర్డులోకి మార్చు, సగానికి సగం మోత అక్కడే పోతుంది. తర్వాత లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపించు. ఇంకా ఉంటే కీబోర్డుకీ మిక్సర్‌కీ మధ్య డీఐ బాక్సు (సిగ్నల్‌ని మిక్సర్‌కి తగినట్టు మార్చి అందించే చిన్న పెట్టె) పెట్టి, దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే చిన్న మీట ఉంటుంది, అది నొక్కు. అది తెంపేది సిగ్నల్ వైరు తొడుగుని, కరెంటు ఎర్తుని కాదు. అప్పటికీ పోకపోతే మోతతోనే పాడించు. ఎవరూ చావరు.

బోర్డుకి ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు దారి తప్పి లీకయితే సప్లై ఆపేసే స్విచ్చి, తప్పనిసరి. దాని మీద టి అని బొత్తాం ఉంటుంది, కచేరీ రోజు నొక్కి చూడు, టక్కున పడాలి. పడకపోతే అది అలంకారానికి ఉన్నట్టే. మల్టీమీటరు ఏసీ వోల్టుల మీద పెట్టి సాకెట్లో ఫేజుకీ ఎర్తుకీ మధ్య చూడు, 230 దరిదాపుల్లో రావాలి. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఒకటో రెండో. ఇది ఎలక్ట్రీషియన్ చేత చేయించు, నువ్వు పక్కనుండి అంకె చూడు. ఆఖర్న, అన్నీ వేసి ఉండగా, మీటరు ముల్లు ఒకటి మైకు జాలీకి, రెండోది గిటారు తీగకి ఆనించాలి. దాదాపు సున్నా రావాలి. పదులు కనిపిస్తే ఆ రోజుకి గిటారు లేదు. వాడు అలిగినా లేదు. ఒకవేళ ఎవరికైనా పట్టేస్తే చెయ్యి పట్టి లాగకు తల్లీ, నీకూ పడుతుంది. స్విచ్చి ముందు. ఆ స్విచ్చి దగ్గర కచేరీ అయ్యేదాకా కదలని మనిషి ఒకరుండాలి. తర్వాత 108.

భయపెట్టేశాను. సరే, అసలు మాట చెప్పనా? మీ మిద్దెకి నలభై మంది వస్తారంటే వయొలిను, మృదంగం, గాత్రానికి మైకే అక్కర్లేదు. మన విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసుగారు గజ్జె కట్టి హరికథ చెప్పిన కాలానికి మైకులెక్కడివి? 1919లో సంగీత కళాశాల పెట్టి ఆయన్ని ప్రిన్సిపాల్‌గా కూచోబెట్టారు. అక్కడి పిల్లలు సాధన చేసేది గొంతు చివరి వరస దాకా చేరాలనే. పాడేవాళ్లని మెట్లగది గోడకి వీపు పెట్టి కూచోబెట్టు, ఆ గోడే మీ బాక్సు. ముందు వరస రెండు మీటర్ల దూరంలో, అర్ధచంద్రంలా చాపలు. వెనక మూడు వరసలు మించనివ్వకు. మృదంగం గాత్రాన్ని మింగుతుంటే వాయించేవాళ్లని ఒక అడుగు వెనక్కి జరగమను, అది చాలు. వీణకి మాత్రం మైకు కావాలి, అది మెత్తటిది. మైకు లేకపోయినా రాత్రి పది దాటాక ఆరుబయట వాయిద్యాలు మోగకూడదు, ఆ రూలు వాయిద్యాలకీ ఉంది.

మైకు పెట్టే రోజున ఈ అంకె గుర్తుపెట్టుకో. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెల్స్. సొంత స్థలం సరిహద్దు దగ్గర దానికి 5 కంటే మించకూడదు, అంటే 60. ఇద్దరు పక్కపక్కన కూచుని మాట్లాడుకునేంత. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 తగ్గుతుంది. బాక్సుకి మీటరు దూరంలో 84 ఉంటే 16 మీటర్లకి 60 అవుతుంది. మీ పిట్టగోడ పదహారు మీటర్ల దూరంలో ఉందా? లేదు కదా. అందుకే రెండు చిన్న బాక్సులు, మనిషి తలకంటే కొంచెం ఎత్తులో, జనం వైపు కిందికి వంచి, పక్క బిల్డింగు కిటికీలకి వీపు తిప్పి. మైకులు ఎప్పుడూ బాక్సుల వెనకే ఉండాలి, ముందుకొస్తే కూత పెడుతుంది. మిక్సర్‌లో గాత్రానికి 100 హెర్ట్జ్ కింద ఉన్న మంద్ర శబ్దమంతా కోసెయ్. వినేవాళ్లకి ఏమీ తగ్గదు, కింది అంతస్తు వాళ్ల మంచం మాత్రం అదరదు.

ఏ కిటికీకి ఎక్కువ వినపడుతుందో ఆ ఇంటికి వారం ముందే వెళ్లు. వాట్సాప్‌లో పెట్టేసి ఊరుకోకు. తలుపు కొట్టు. పరీక్షలున్న పిల్లలున్నారా, ఆపరేషనయి పడుకున్నవాళ్లున్నారా అడుగు. నీ ఫోన్ నంబరు ఇచ్చి, ఇబ్బందైతే పోలీసులకి కాకుండా నాకే చెయ్యండి అను. వాళ్లు చేసినప్పుడు ఎత్తు.

కాయితం సంగతి. ఏ4 మధ్యకి మడిస్తే నాలుగు పేజీలు. అక్షరం 13 పాయింట్లు, పెద్దవాళ్లు చదివేది. డీటీపీ షాపుల్లో ఇంకా పాత అను ఫాంట్ల మీదే ఉంటారు, నీ యూనికోడ్ ఫైలు వాళ్ల సిస్టంలో తెరిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి. పీడీఎఫ్ చేసి ఇవ్వు, ఒక కాపీ తీయించి ప్రతి ఒత్తూ చూసుకున్నాకే మిగతావి. "రేపు నీళ్లు రావు" అని ఎప్పుడూ రాయకు. కాయితం వారం రోజులు ఫ్రిజ్ మీద ఉంటుంది, రోజూ రేపే అవుతుంది. తేదీ వెయ్యి, అదీ లైన్‌మన్‌ని అడిగాకే. దొంగతనం జరిగిందంటే జరిగిందని రాయి, ఎవరి మీద అనుమానమో రాయకు. వీధిలో అనుమానం ఎప్పుడూ వాచ్‌మన్ మీదకో పనమ్మాయి మీదకో పోతుంది, వాళ్లకి జవాబు రాసుకునే కాయితం ఉండదు. తప్పు పడితే తర్వాతి నెల అదే చోట, అదే సైజు అక్షరాల్లో దిద్దు. ఇంకోటి, పేరు పెట్టి నెలనెలా వార్తలు అచ్చేసి పంచితే చట్టం దృష్టిలో అది పత్రిక అవ్వొచ్చు. 1867 నాటి చట్టం పోయి 2024 మార్చి 1 నుంచి కొత్తది వచ్చింది, రిజిస్ట్రేషన్ ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ దగ్గర. మొదటి కాయితం అచ్చుకి వెళ్లేలోపే అది తేల్చుకో.

పార్సిల్లో ఒక మల్టీమీటరు, ఆర్‌సీసీబీ బిగించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు పంపుతున్నాను. మీటరులో బ్యాటరీ వేసే ఉంది. కచేరీ ముందు మైకు జాలీకీ గిటారు తీగకీ మధ్య ఎంత చూపించిందో ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పు. పాట ఎలా కుదిరిందో తీరిగ్గా మర్నాడు చెబుదువుగాని.

మావయ్య