సేవ్ నిలవకపోతే కార్ట్రిడ్జ్ నకిలీదే అనుకోకండి
బెంగళూరు కలెక్టర్ల మేళాలో కొన్న గేమ్‌బాయ్ (నింటెండో చేతి గేమ్ యంత్రం) పోకెమాన్ గోల్డ్ కార్ట్రిడ్జ్ బాగానే ఆడుతోంది గానీ, స్విచ్ ఆపగానే సేవ్, అంటే ఆడినంతవరకు దాచుకున్న ఆట, పోతోందన్నారు కదా. మోసపోయానన్న టెన్షన్ అప్పుడే వద్దండీ. జపాన్‌లో 1999లో వచ్చిన గేమ్ అది. సేవ్‌నీ, లోపలి గడియారాన్నీ నిలిపేది సీఆర్2025 అనే బిళ్ల బ్యాటరీ. ఆ గడియారం ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది కాబట్టి, ఇన్నేళ్లకు బ్యాటరీ అయిపోవడం సహజమే.

వెనక స్క్రూకి 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ (ఇలాంటి స్క్రూలకే వాడే ప్రత్యేక బిట్) కావాలి, మామూలు స్క్రూడ్రైవర్‌తో కెలక్కండి. తెరిచాక బోర్డు మీద నింటెండో అచ్చు లేకపోతే మాత్రం అనుమానించాల్సిందే. కొత్త బ్యాటరీ ట్యాబులు (బోర్డుకు సోల్డర్ చేసే లోహపు రేకులు) ఉన్నదే కొనండి, బెంగళూరు ఎస్పీ రోడ్డులోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అడిగి చూడండి. ట్యాబుల్లేని దానికి నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెట్టడం ప్రమాదం. టేపుతో అంటిస్తే చాలంటారు కొందరు. నాకైతే నమ్మకం లేదు, కాస్త కదిలితే సేవ్ మళ్లీ గోవిందా. ప్లస్, మైనస్ తారుమారు కాకుండా చూసుకోండి.