పత్తికట్టె మూసిన డ్రమ్ములో బొగ్గవుతుంది, చేలో తగలబెడితే బూడిదవుతుంది. ఎందుకని?

తేడా అంతా గాలిదే, మూసిన డ్రమ్ములో అది దాదాపు అందదు. వేడికి ముందు 100 డిగ్రీల దగ్గర తడి పోతుంది. కట్టెలో ప్రధానంగా ఉండేవి హెమీసెల్యులోజ్, సెల్యులోజ్, లిగ్నిన్ అనే మూడు పదార్థాలు. సుమారు 220 నుంచి 315 డిగ్రీల మధ్య హెమీసెల్యులోజ్ విరుగుతుంది, ఆపైన 400 వరకు సెల్యులోజ్. ఇవి చాలావరకు మండే వాయువులుగా, ఆవిర్లుగా వెళ్లిపోతాయి. కళ్లు మండించే పసుపుపచ్చ పొగ, మూతకి అంటుకునే నల్లటి జిగట తారు వీటివల్లే. లిగ్నిన్ మాత్రం మొండిది. 160 దగ్గర మొదలై 900 దాకా నెమ్మదిగా విడిపోతూ బొగ్గు ఎక్కువగా మిగులుస్తుంది.

చేలో గాలి అందుతుంది కాబట్టి ఆ బొగ్గులోని కార్బన్ కూడా కాలిపోయి, ఖనిజాలే బూడిదగా మిగులుతాయి. వరి ఊక బూడిదైతే చాలావరకు సిలికానే.

డ్రమ్ములో చేస్తుంటే వేడి నిదానంగా పెంచండి, బొగ్గు ఎక్కువ వస్తుంది. మూత మరీ బిగించొద్దు, వాయువు పోవడానికి కన్నం ఉండాల్సిందే.