మా తోట చూడాలంటే నీళ్ళ వెంట నడవాలి

అనంతపురంలో ఇంటి తోట అసలు బతుకుతుందా, ఉన్నవాళ్ళెవరైనా ఒకసారి తిప్పి చూపించండి అని అడిగారు. రండి, చూపిస్తా. చెప్పులు మాత్రం విప్పకండి. గేటు నుంచి పెరటి దాకా పరిచినవి కడప బండలు. ఏప్రిల్‌లో పదకొండు దాటితే వాటి మీద కాలు పెట్టలేం.

మొత్తం ఐదు సెంట్లు. ఇల్లు మూడు మింగేసింది, మిగిలిన రెండింట్లో తోట. పద్నాలుగేళ్ళుగా చూస్తున్నా, మా ఊళ్ళో చెట్లు ఎండకు చావవు. అందరూ పాపం ఎండనే తిడతారు గానీ చంపేది నీళ్ళు. లేక కొన్ని చస్తాయి, ఉండి కొన్ని చస్తాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే ఊరు, అందులో అన్నిటికంటే ఎక్కువ పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. కాబట్టి మా తోటలో తిరగాలంటే నీళ్ళు పోయే దారినే పోవాలి.

గేటు పక్కన కనకాంబరాలు, నందివర్ధనం. పొద్దున కళ్ళాపి చల్లగా మిగిలిన బకెట్టే వాటికి చాలు. స్నానాల గది నీళ్ళు పడేచోట అరటి, చేమ. వంటింటి కిటికీ కింద కరివేపాకు. బియ్యం కడుగు, పులిసిన మజ్జిగ రెండూ దానికే. కరివేపాకుకు పుల్లమజ్జిగను మించిన ఎరువు లేదు, దీని మీద ఎవరొచ్చినా వాదిస్తా. మునగకు ఆషాఢం గాలికి ఏటా ఒక కొమ్మ పోతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు కదా! బొప్పాయి రెండుసార్లు పెట్టా, రెండుసార్లూ కాయలతో సహా నేల మీద చూశా. ఇక మానేశా.

ఇక్కడ కాసేపు ఆగండి. ఈ నిమ్మచెట్టుకు ఒక పక్క గుబురుగా ఉండి, ఇంకో పక్క కొమ్మలు మోడుగా ఉన్నాయి చూశారా? దానికో కథ ఉంది.

మా బోరు 620 అడుగులు. ఆ నీళ్ళతో కందిపప్పు ఉడకదు, షవర్ రంధ్రాలు ఆరు నెలలకు పూడిపోతాయి, స్టీలు గిన్నె ఆరితే సున్నం వేసినట్టు తెల్లగా. మూడేళ్ళ కిందట మా ఆయన, నీళ్ళలో సున్నం తీసేసే వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టించారు. బిగించడానికి వచ్చినబ్బాయి జుట్టు పట్టులాగా అవుతుందని చెప్పాడు, గీజరు పాడవదని చెప్పాడు. తోట గురించి ఒక్క ముక్క చెప్పలేదు. పైట్యాంకుకు పోయే పైపుకే బిగించిపోయాడు. తోట కుళాయి కూడా ఆ ట్యాంకు నుంచే.

నెల రోజులు సంబరమే. పప్పు మెత్తగా ఉడికింది. రెండో నెలలో మల్లె ఆకుల అంచులు నిప్పు సోకినట్టు మాడాయి. నిమ్మ ఆకు రాల్చింది. కొత్తిమీర విత్తితే ఒక్కటీ మొలవలేదు. అన్నిటికంటే వింత, పాదిలో పోసిన నీళ్ళు ఇంకడం మానేశాయి. సాయంత్రం పోస్తే పొద్దునకీ అద్దంలా అలాగే నిలిచి ఉండేవి. నర్సరీకి పోతే తెగులన్నాడు, ఒక సీసా ఇచ్చాడు. తగ్గలేదంటే ఇంకో సీసా. (ఆ నర్సరీలోనే అనంతపురం ఎండలో ఆపిల్ కాస్తుందని మా పక్కింటాయనకు మొక్క అమ్మారు. ఆయన కొన్నాడు కూడా.)

తాడిపత్రి దగ్గర పల్లె నుంచి మా అత్త వచ్చింది. చీనీ (బత్తాయి) తోట, శెనక్కాయ చేలు చేసిన మనిషి. నిమ్మ పాదిలో కూర్చుని ఒక పెళ్ళ తీసింది. పైన అట్టకట్టి, పలకలా ఊడొచ్చింది. ఏమీ అనలేదు. లేచి ఇంటి వెనక్కి పోయి, సాఫ్ట్‌నర్ పక్కనున్న మూట చూసింది.

"ఇదేంది మ్మే, ఇంత ఉప్పు?"

"నీళ్ళు మెత్తబడేదానికత్తా."

"అంటే నీళ్ళకు ఉప్పు తాపి, ఆ నీళ్ళు చెట్లకు తాపుతుంటివా? నేల చౌడు బారింది, కండ్లు కనపడల్యా నీకు?"

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తా. సాఫ్ట్‌నర్ కాల్షియంను పట్టుకుని దాని బదులు ఉప్పులోని సోడియంను నీళ్ళలోకి వదులుతుందని ఏటా బోర్డు మీద రాసేదాన్ని. ఆ సోడియం పోయి మట్టిలో చేరుతుందని, చేరితే బంకమట్టి రేణువులు విడిపోయి సందులన్నీ పూడుకుంటాయని, నా ఇంట్లో నా చెట్టు చస్తుంటే తట్టలేదు. అయినా ఊరుకోక "ఉప్పు నేరుగా నీళ్ళలో కలవదత్తా" అని మొదలుపెట్టా. ఆమె నా వైపు చూసిన చూపుకు మిగతా పాఠం గొంతులోనే ఆగిపోయింది.

శెనక్కాయకు ఊడలు దిగేటప్పుడు వేసే జిప్సం ఉంటుంది కదా, పల్లె నుంచి అది అర మూట పంపింది. పాదుల్లో చల్లి, కొంకితో గీకి, నేరుగా బోరు నీళ్ళు పారించాం. జిప్సంలోని కాల్షియం సోడియంను తోసేస్తుంది, కానీ ఆ సోడియం కిందికి కొట్టుకుపోవాలంటే నీళ్ళు దండిగా కావాలి. సెప్టెంబరు వానలు ఆ పని చేశాయి. దసరాకు నీళ్ళు ఇంకడం మొదలైంది, సంక్రాంతికి నిమ్మ ఒక పక్క చిగురేసింది. మల్లె మాత్రం రాలేదు. పదేళ్ళ మల్లె అది.

కాబట్టి ఏం పెరుగుతాయని అడిగేముందు మీ తోట కుళాయికి నీళ్ళు ఎక్కడ నుంచి వస్తున్నాయో చూసుకోండి. బోరు సున్నపు నీళ్ళయినా మునగ, సపోటా, కలబంద, దానిమ్మ మా ఇంట్లో బాగానే ఉన్నాయి. సాఫ్ట్‌నర్ పెట్టించుకునేవాళ్ళు అది బిగించకముందే తోట పైపు వేరు చేయించండి. మేం తర్వాత చేయించాం కాబట్టి ఇదిగో, ఈ చివరి గోడ పగలగొట్టాల్సి వచ్చింది. పూడ్చడానికి ఆదివారం వస్తానన్న ప్లంబరు ఇంకా రాలేదు. పగులు కనపడకుండా దాని మీదికి అనప తీగ పాకించా. రెండు కోతలు కోశాం.