సూది పట్టని గంటలకు డబ్బెవరిస్తారు?

ప్రశ్న: ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తాను. నెలకు పది జాకెట్లు వస్తాయి. వెనక మెడ, రెండు చేతులకు కలిపి 2,500 తీసుకుంటున్నాను. మెటీరియల్‌కి 600 పోతుంది. పొద్దుపోయేదాకా కూర్చున్నా చేతిలో ఏమీ ఆడటం లేదు. రేటు పెంచితే ఉన్నవాళ్ళు కూడా పక్క వీధికి వెళ్ళిపోతారని భయం. ఇంకా ఎక్కువ పని ఒప్పుకోవడమేనా దారి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఎక్కువ పని ఒప్పుకోవద్దు. ముందు ఒక నోటుపుస్తకం తీసుకుని, వరసగా నాలుగు జాకెట్లకు ఏ పనికి ఎంతసేపు పట్టిందో రాయండి. సూది ఆడించిన గంటలే కాదు, ఫోన్లో మాట్లాడినవి కూడా.

మీరు చెప్పిన స్థాయి పనికి లెక్క దాదాపు ఇలా తేలుతుంది. సూది పని 16 గంటలు. డిజైను గురించి మాట్లాడటం, ఫొటోలు పంపుకోవడం గంటన్నర. చీరకు సరిపోయే పూసల కోసం షాపుకి పోయి రావడం గంటన్నర. డిజైను గీసి గుడ్డ మీదికి దించడం మరో గంటన్నర. మగ్గానికి గుడ్డ బిగించడం అరగంట. దారాలు కత్తిరించడం, కుందన్ రాళ్ళు సరిచూడటం, ఇస్త్రీ ఒక గంట. మొత్తం 22 గంటలు. మీకు మిగిలేది 1,900, అంటే గంటకు 86 రూపాయలు. మీరేమో 1,900ని 16తో భాగించి 119 వస్తోందనుకుంటూ ఉండొచ్చు. మధ్యలో ఆ ఆరు గంటలు ఊరికే పోతున్నాయి. ముందు తగ్గించాల్సినవి అవే.

డిజైన్ల విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కస్టమరు ఏ ఫొటో చూపిస్తే అది కొత్తగా గీయడం. దాని బదులు పన్నెండు డిజైన్లు ఎంచుకుని, ఒక్కోదాన్ని ఆరంగుళాల పట్టు ముక్క మీద కుట్టి అట్టకు అతికించి పెట్టుకోండి. అట్ట వెనక రేటు రాయండి. ఫోన్లో ఫొటో చూపిస్తే బేరం సాగుతూనే ఉంటుంది. చేత్తో తడిమి చూసే ముక్క ఉంటే పావుగంటలో తేలిపోతుంది. రంగులు, బుటాల సంఖ్య మార్చుకోవచ్చు, గీత మాత్రం మారదు. పన్నెండింటిలో ఏదీ నచ్చనివాళ్ళకు కొత్త గీతకు విడిగా 400 అని ముందే చెప్పండి. సగంమంది ఉన్నవాటిలోనే ఏరుకుంటారు.

ఆ పన్నెండింటికీ మందపాటి ట్రేసింగ్ కాగితం మీద చిల్లులు పొడిచిన అచ్చులు 34, 38, 42 సైజులకు చేసి పెట్టుకోవాలి. పల్చటి బటర్ పేపరు నాలుగైదు వాడకాలకే చిరుగుతుంది. చిల్లులు పొడిచాక వెనకవైపు గరగరలాడే చోట సన్నటి గరుకు కాగితంతో మెల్లగా రుద్దండి, లేకపోతే చిల్లులు మూసుకుపోయి గీత తెగితెగి పడుతుంది. నడిమి గీత, భుజం గుర్తు అచ్చు మీదే ఉండాలి. ముదురు రంగు గుడ్డకు తెల్లటి జింక్ పొడి, లేత రంగుకు నీలిమందు పొడి, రెండిట్లోనూ కొద్దిగా కిరోసిన్. గుడ్డ ఉండను అందులో ముంచి, పిండి, అచ్చు మీద ఒక్కసారే తుడవాలి. కిరోసిన్ ఎక్కువైతే కాగితం కిందికి పాకి గీత లావవుతుంది, పట్టు మీద మరక కూడా పడొచ్చు. అందుకే ముందు కుట్టులోకి పోయే అంచు మీద చూసుకోండి.

పూసలకు ప్రతి జాకెట్‌కూ కాకుండా నెలకు ఒక్కసారే వెళ్ళండి. గోల్డ్ కర్దానా పూసలు, జర్దోసి తీగ, కుందన్లు మీ పన్నెండు డిజైన్లకు ఎంత కావాలో తెలిసిపోతుంది కాబట్టి పెద్ద ప్యాకెట్లే కొనొచ్చు. పెద్ద ప్యాకెట్ చవకని మాత్రమే కాదు. యాంటిక్ గోల్డ్ ఛాయ ఒక లాటుకూ ఇంకోదానికీ తేడా వస్తుంది. మెడ ఒక ఛాయలో, చేతులు ఇంకో ఛాయలో ఉన్న జాకెట్ తిరిగొస్తే రెండు రోజులు పోయినట్టే.

తిరిగొచ్చే జాకెట్లకు ఇంకో రెండు కారణాలు ఎక్కువగా కనిపిస్తాయి. మగ్గం మీద కొక్కెం సూదితో వేసే ఆరి కుట్టు గొలుసుకుట్టు. చివర ముడి సరిగా పడకపోతే ఒక పూస లాగినా వరసంతా ఊడివస్తుంది. ప్రతి వరస చివరా వెనక్కి తిప్పి ముడి చూడండి. రెండోది, మగ్గం మీద గుడ్డ వదులుగా ఉంటే కుట్టు దగ్గర ముడతలు పడతాయి, ఇస్త్రీ చేసినా పోవు. వేలితో కొడితే డప్పులా మోగాలి.

ఇవన్నీ కుదిరాక మాటలకు అరగంట, షాపుకూ అచ్చుకూ కలిపి అరగంట, బిగింపు, ముగింపు ఎప్పటిలాగే గంటన్నర. జాకెట్‌కు పద్దెనిమిదిన్నర గంటలు. గంటకు 120 చొప్పున 2,220. మెటీరియల్ 600. తిరుగు పనికీ చిల్లర ఖర్చులకూ 10 శాతం. మొత్తం 3,100 అవుతుంది.

ఇక పక్క వీధి భయం. పదిలో ఇద్దరు పోయారనే అనుకుందాం. ఇంతకుముందు పది జాకెట్లకు మెటీరియల్ పోను 19,000, పని 220 గంటలు. ఇప్పుడు ఎనిమిదికి 20,000, పని 148 గంటలు. 72 గంటలు మిగిలాయి, డబ్బూ తగ్గలేదు. కొత్త రేటు ముందు కొత్తవాళ్ళకు చెప్పండి. పాతవాళ్ళకు "శ్రావణం నుంచి ఇదీ రేటు" అని రెండు నెలల ముందే చెబితే ఎవరూ నొచ్చుకోరు.

ప్రశ్న: జాకెట్ ఇచ్చేటప్పుడు చీరకు కుచ్చులు ఊరికే వేసిమ్మంటారు. కాదనలేక వేస్తున్నాను.
- ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: వేయకండి. మామూలు ముడి కుచ్చులకే రెండు గంటలు పడుతుంది, పూసలు చేరిస్తే ఇంకా ఎక్కువ. ఏదో ఒకటి ఊరికే ఇవ్వక తప్పదనుకుంటే మిగిలిన గుడ్డతో జాకెట్ తాళ్ళ చివర వేలాడే చిన్న లట్కన్లు చేసివ్వండి. పది నిమిషాల పని, కళ్ళకు మాత్రం పెద్దగా కనిపిస్తుంది.

ప్రశ్న: మాది నరసాపురం పక్క పల్లె. ఏజెంటు దారం ఇచ్చి, ముక్కకు ఇంతని లేసు కూలీ ఇస్తాడు. నేనే సొంతంగా ఆన్‌లైన్‌లో అమ్మితే?
- ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి

జవాబు: అమ్మొచ్చు, కానీ టేబుల్ క్లాత్‌తో మొదలుపెట్టకండి. నెలల పని ఒక్క కొనుగోలుదారు కోసం ఆగిపోతుంది. గ్లాసు కింద వేసుకునే గుండ్రటి లేసులు, ఆరింటి సెట్‌గా, 20 నంబరు నూలు దారంతో మొదలుపెట్టండి.

సెట్‌లో పేచీ అంతా కొలతతోనే. పొద్దున అల్లింది పది సెంటీమీటర్లు, రాత్రి అలసిపోయి అల్లింది పదకొండు. అన్నీ అయ్యాక తడిపి, థర్మకోల్ మీద పదకొండు సెంటీమీటర్ల గుండ్రం గీసి, ఆ గీతకు లాగి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టండి. స్టెయిన్‌లెస్ సూదులే వాడండి, ఇనుప తుప్పు మరక తెల్ల దారానికి అంటితే వదలదు. గంజి పల్చగా, అదీ పంపే ముందే. గంజి పెట్టి నెలలు దాచిన లేసు పసుపెక్కుతుంది, పురుగూ పడుతుంది.

జీఎస్టీ నంబరు లేని చిన్న వ్యాపారులు 2023 అక్టోబరు నుంచి ఈ-కామర్స్ సైట్లలో సొంత రాష్ట్రం లోపల సరుకు అమ్ముకోవచ్చు. పాన్ కార్డుతో జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకోవాలి. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ ముద్ర మీ సరుకు మీద వేయాలంటే మీ పేరు అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. మొదటి ఆరు నెలలు ఏజెంటు పని పూర్తిగా మానకండి. వారంలో రెండు రోజులు సొంతానికి, మిగతావి ఆయనకు.

ప్రశ్న: మగ్గం పనికి కారిగర్‌ను, అంటే కూలీకి కుట్టే పనివాణ్ణి, పెట్టుకుందామనుకుంటున్నాను. రోజుకు 700 అడుగుతున్నాడు. లాభమేనా?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పైన తెనాలి లెక్కే తీసుకుందాం. 16 గంటల సూది పని అంటే రెండు రోజులు, 1,400. జాకెట్ 3,100లో మెటీరియల్, కూలీ పోను మీకు 1,100 మిగులుతుంది, మీరు పెట్టేది రెండున్నర గంటలే. బాగుంది కదా. కానీ 26 రోజుల్లో అతను పదమూడు జాకెట్లు చేస్తాడు. మీకు పదే వస్తే ఆరు రోజులు ఊరికే కూర్చోబెట్టి 4,200 ఇవ్వాలి. 11,000 కాస్తా 6,800కి దిగుతుంది. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగితే అదీ ఉండదు. అందుకే రోజుకూలీ వద్దు, జాకెట్‌కు 1,400 అని ముక్క లెక్కన మాట్లాడుకోండి. డబ్బిచ్చే ముందు జాకెట్‌ను తిరగేసి, వెనకవైపు ముడులు వేలితో తడిమి చూడండి.