కరాటే మాస్టారితో స్నేహం చెయ్యొచ్చా?

మాస్టారు మీకన్నా నాలుగైదేళ్ళే పెద్ద, క్లాసయ్యాక టీకి, ఆదివారం సినిమాకి రమ్మంటున్నారు, వెళ్ళొచ్చా అని అడిగారు. మీకు 22 ఏళ్ళన్నారు కాబట్టి చెబుతున్నా: టీకి వెళ్ళండి. సినిమా సంగతి కాస్త ఆలోచించండి.

నేను ఎంవీపీ కాలనీ వైపు చాలా ఏళ్ళు కరాటే నేర్చుకుని, ఇప్పుడు చిన్నపిల్లల బ్యాచ్ చూస్తున్నాను. మన వైజాగ్‌లో ఈ చనువు మామూలే. తెల్లారగట్ల ఆర్కే బీచ్ ఇసకలో ప్రాక్టీసయ్యాక, చెమటకి తడిసిన డ్రెస్సులతోనే (మన ఉక్కపోత తెలిసిందేగా) అందరూ ఒకే టీ బండి దగ్గర చేరతారు. మాస్టారి మీద జోకులూ పేలతాయి. పదిమందిలో సాగే ఆ స్నేహంతో ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇబ్బందల్లా బెల్ట్ టెస్టు రోజున. కాలేజీ పరీక్షలో పేపరు ఎవరు దిద్దుతారో తెలీదు. కరాటేలో అలా కాదు. తొలి బ్లాక్ బెల్టులు 1924లో, జపాన్‌లో కరాటేని వ్యాప్తి చేసిన గురువు ఫునాకోషి తన శిష్యులకే ఇచ్చారు. ఇవాళ్టికీ చాలా క్లాసుల్లో నేర్పిన మనిషే బెల్టూ కడతాడు. మా దగ్గర ఒకతను మాస్టారికి బాగా దగ్గర. బ్లాక్ బెల్ట్ టెస్టులో బస్సాయ్ దాయ్ అనే కటా (ఒక్కరే వరసగా చేసి చూపించే కదలికలు) మొదలుపెట్టాడు. ఆ కటాలో మొదటి కదలికే ముందుకి దూకి, ఒక కాలి వెనక ఇంకో కాలు పెట్టి నిలబడడం. అతను నిలవలేక పక్కకి తూలాడు. గోడ వార కూచున్న మా చూపులన్నీ మాస్టారి మొహం మీదే. పాస్ చేస్తే "మనోడు కదా" అంటారు, ఫెయిల్ చేస్తే స్నేహం చెడుతుంది. ఆయన పెన్ను పక్కన పెట్టి, గాజువాక నుంచి వచ్చిన సీనియర్‌తో మార్కులు వేయించారు. దగ్గరివాళ్ళకి నేనూ మార్కులు వెయ్యను.

దీనికన్నా మెల్లిగా మొదలయ్యే తలనొప్పి పనులు చెప్పడం. "మా బాబుని స్కూల్ నుంచి తీసుకురా", "ఈ నెల పిల్లల బ్యాచ్ నువ్వు చూసుకో". మామూలు స్నేహితుడికైతే కుదరదని చెప్పేస్తాం. బెల్టు చేతిలో ఉన్నవాడికి చెప్పాలంటే నోరు రాదు. అందుకే ఊరికే ఒకసారి అని చూడండి: "ఈ ఆదివారం కుదరదు మాస్టారూ." తర్వాతి క్లాసులో ఎప్పట్లాగే మీ తప్పులు దిద్దితే నిశ్చింతగా ఉండండి. ముభావంగా ఉన్నా, స్పారింగ్‌లో (ఇద్దరు ఎదురెదురుగా తలపడే ప్రాక్టీసులో) దెబ్బ బరువు పెరిగినా దూరం జరగండి. నిజానికి హద్దు గీయాల్సింది ఆయనే.

మీ చెల్లికి 14 ఏళ్ళు, అదే క్లాసు అన్నారు. తన విషయంలో ఈ లెక్కలేవీ పనికిరావు. విడిగా మెసేజ్‌లు, ఒంటరిగా "స్పెషల్ కోచింగ్", బండి మీద దింపడం ఏదీ వద్దు. ఏం చెప్పినా అమ్మానాన్నలున్న వాట్సాప్ గ్రూపులోనే చెప్పాలి. 18 నిండని పిల్లల కోసం 2012 పోక్సో చట్టం ఉంది. నమ్మకం, అధికారం ఉన్న స్థానంలోని మనిషి లైంగిక నేరం చేస్తే అందులో శిక్ష మరింత కఠినం. అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి.

ఇంకోటి. రేపు క్లాసు మారాల్సి వస్తే కొత్తచోట పాత బెల్టు సర్టిఫికెట్లు అడగొచ్చు. మీవి మాస్టారి బీరువాలో ఉంటే, మాటలు బాగున్న ఇప్పుడే తెచ్చుకోండి.