దించే తేదీ ముందు రాయి

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. ప్రభుత్వ చిత్రకళా గ్యాలరీ ఛార్జి తీసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడే అనుకున్నాను, పది రోజుల్లో నాకు కబురొస్తుందని. ఏడాది ప్రదర్శనలకు నెలకొకటి చొప్పున పన్నెండు గళ్లు గీసి, గడికొక ప్రారంభోత్సవం రాసి పంపావు. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూశాను. బొమ్మలు దించే తేదీ ఒక్కచోట కూడా లేదు.

నేనూ అలాగే వేసేవాణ్ణి. గ్యాలరీ ఉద్యోగంలో చేరిన ఆరో ఏడు, ఒక పెద్దావిడ పోయిన తన భర్త వేసిన నీటిరంగుల బొమ్మలు ఇరవై రెండు ప్రదర్శనకిచ్చింది. ప్రారంభోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. తర్వాత పెట్టాల్సినదానికి డబ్బు శాంక్షన్ కాలేదు. గోడలు బోసిగా ఎందుకు, ఇవే ఉండనీ అన్నాను. నెల అనుకున్నవి పదకొండు నెలలున్నాయి. పైన ట్యూబులైట్లు, పడమటి కిటికీలోంచి సాయంత్రపుటెండ. చివరికి దించి ఒక ఫ్రేము విప్పితే, మౌంటు అట్ట కింద దాగిన అంచు మోదుగుపువ్వులా ఎర్రగా ఉంది. మిగతా బొమ్మంతా వెలిసిపోయిన చీరలా ఉంది. ఆవిడ నన్నొక్క మాట అనలేదు. ఆ అంచు మీద వేలు పెట్టి చూసుకుని, బొమ్మలు మూటగట్టుకుని వెళ్లిపోయింది. తిడితే బాగుండేది.

అందుకని ముందు దించే తేదీలు రాయి. కాగితం మీద నీటిరంగులకూ, కలంకారీ లాంటి బట్టకూ వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే లెక్క) దాటనివ్వకు. తైలవర్ణాలైతే 200 వరకు తట్టుకుంటాయి. కావలసిన సామాను రాసి పంపే మొదటి ఇండెంట్‌లోనే లక్స్ మీటరు పెట్టు, షామియానా ఖర్చులో అదెంత! నీటిరంగుల బొమ్మ మూడు నెలలు గోడ మీదుంటే తర్వాత ఏళ్ల తరబడి చీకట్లో ఉండాలి. పోయిన రంగు తిరిగి రాదులే, ఉన్నది నిలబడటానికి.

ఒక ప్రదర్శనకూ ఇంకోదానికీ మధ్య పది రోజులు ఖాళీ ఉంచు. దించి, ఒక్కొక్కటీ చూసి రాసుకోవడానికి రెండు రోజులు. మేకుల కన్నాలు పూడ్చి, రంగు వేసి, ఆ వాసన పోయేదాకా నాలుగు. కొత్తవి తగిలించడానికి మూడు, దీపాలు తిప్పుకోవడానికి ఒకటి. బొమ్మ నడిమి భాగం నేల నుంచి 150 సెంటీమీటర్ల దగ్గరుండేలా చూడు. మన అటెండర్లు దేవుడి పటాల్లా పైకి పెట్టేస్తారు, పిల్లలు మెడలు పట్టేసి వెళ్తారు. ఈ లెక్కన నీకున్న ఇద్దరు అటెండర్లతో ఏడాదికి ఐదు ప్రదర్శనలు. పన్నెండు కాదు.

ఇక నెలలు. కొత్త బడ్జెట్ ఏప్రిల్‌లో కాగితం మీద ఉంటుంది, చేతికి రాదు. కాబట్టి ఎండాకాలమంతా గ్యాలరీ సొంత బొమ్మలే పెట్టు, పైసా ఖర్చు లేదు. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం, ఆ రోజు టికెట్టు తీసెయ్యి. పిల్లల వేసవి శిబిరం పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పదింటికల్లా ఇళ్లకు పంపెయ్యి.

ఆషాఢంలో ప్రారంభోత్సవమా అని కొందరు చిత్రకారులే గొణుగుతారు. నన్నడిగితే అంత మంచి నెల లేదు. పెళ్లిళ్లు ఉండవు, జనం ఖాళీ. శ్రావణం వస్తే ఆడవాళ్లకు పూజలతోనే సరిపోతుంది. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం కదా, ఆ వారం పెడన నుంచి అద్దకం చేసేవాళ్లను పిలిచి అచ్చులు కొట్టించు. జనం బట్టకంటే ఆ టేకు అచ్చుల్నే ఎక్కువ చూస్తారు, చూడు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి తుఫాన్ల భయం. గాలిలో తేమ 65 శాతం దాటి అలాగే ఉండిపోతే కాగితానికి బూజు పడుతుంది. ఆ మూడు నెలలు నీటిరంగులు బయటికి తీయకు. ఏటికొప్పాక లక్కబొమ్మలు, రాతి శిల్పాలు, ఫోటోలు పెట్టుకో. ఫోటో పాడైతే మళ్లీ ప్రింటు వేయించుకోవచ్చు. బొమ్మల వెనక గోడ చెమ్మగా ఉందేమో రోజూ అరచెయ్యి ఆనించి చూడమని వాచ్‌మన్‌కు చెప్పు. కార్తీకం ఆదివారాలు వదిలెయ్యి, ఊరంతా వనభోజనాల్లో ఉంటుంది.

డిసెంబరు 15న బాపు గారి జయంతికి ఇంటర్నెట్‌లో బొమ్మలు తీసి పెద్ద ప్రింట్లు వేయిస్తానన్నావు. వద్దు. ఆయన 2014లో పోయారు. మన చట్టంలో కాపీరైటు చిత్రకారుడు పోయాక అరవయ్యేళ్లు, అంటే 2074 చివరిదాకా. హక్కులున్నవాళ్లకు ముందు ఉత్తరం రాయి, ఒప్పుకుంటే అప్పుడు చూద్దాం. ప్రభుత్వ గ్యాలరీ అడక్కుండా వాడుకుంటే మామూలు దొంగతనం కంటే అసహ్యంగా ఉంటుంది.

సంక్రాంతి వారం తలుపులు తీసినా ఎవరూ రారు. ఫిబ్రవరి మాత్రం నీకు బంగారం. చిత్రకారుడు దామెర్ల రామారావు వర్ధంతి ఫిబ్రవరి 6, జయంతి మార్చి 8. నెల రోజుల ప్రదర్శనకు కొలిచి ఇచ్చినట్టు లేదూ? 1897లో పుట్టి, మశూచితో 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయాడు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో ప్రిన్సిపాల్ కూల్డ్రే ఆ చేతిని గుర్తుపట్టడం, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలు చదువు, తిరిగొచ్చి గోదావరి గట్టున బొమ్మలు వేయడం, అన్నీ ఆ కాస్త ఆయుష్షులోనే. అసలు బొమ్మలు రాజమండ్రి గ్యాలరీలో ఉన్నాయి, వాటిని కదపమని అడగొద్దు. అనుమతితో మంచి నకళ్లు పెట్టు, చివరి ఆదివారం బస్సు మాట్లాడి జనాన్నే అక్కడికి తీసుకెళ్లు. నీ ఏడాది మొత్తం మీద ఆ బస్సే గొప్ప కార్యక్రమం అవుతుందని నా అనుమానం. మార్చిలో పరీక్షలు మొదలవుతాయి, బడిపిల్లల్ని ఫిబ్రవరిలోనే పిలువు. బిల్లులన్నీ ఫిబ్రవరి నెలాఖరుకే పంపెయ్యి, మార్చి 31న ట్రెజరీ ముందు నిలబడే ఖర్మ నీకొద్దు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. చేర్యాల నుంచి ఒక నకాషీ (బట్ట మీద కథల పటాలు వేసే) కళాకారుణ్ణి మా గ్యాలరీకి పిలిచాం. మూడు రోజులు కూర్చుని పటం వేస్తూ కథ చెప్పాడు, పేపర్లన్నీ రాశాయి. ఆయన చెక్కు ఏడు నెలలకు వెళ్లింది. మరుసటేడు పిలిస్తే, ఒంట్లో బాగాలేదన్నాడు. బాగానే ఉందని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. శాలువా తర్వాతైనా కప్పొచ్చు. రోజు డబ్బు, దారిఖర్చు, పడుకోవడానికి గది ముందే శాంక్షన్ చేయించుకో, లేకపోతే పిలవకు.

ప్రారంభానికి పెద్దలు రావడం ఆలస్యమైతే ప్రదర్శన ఆపకు. తలుపులు చెప్పిన రోజే తెరువు, వాళ్లకు కుదిరినప్పుడు సభ పెట్టుకో. ఎన్నికల కోడ్ వస్తే ఫ్లెక్సీలమీద వాళ్ల ఫోటోలకు ఎలాగూ గుడ్డ కప్పాలి. మొదటి నుంచీ బొమ్మ ఫోటోనే వేసుకుంటే ఆ తంటా ఉండదు.

లేబుళ్లు తెలుగులో, పెద్ద అక్షరాలతో. నా వయసువాళ్లు వంగకుండా చదవాలి.

ఆ పన్నెండు గళ్ల కాగితం చింపెయ్యి. కొత్తది పెన్సిల్‌తో వేసి పంపు, దించే తేదీలు మాత్రం పెన్నుతో. మొదటిసారి దించే రోజుకు నేనొస్తాను. ఫ్రేము వంకర పోకుండా చూసుకునే నా పాత స్పిరిట్ లెవల్ ఇక్కడ ఊరికే పడుంది, తెస్తాను. మీ అత్తయ్య సున్నుండలు కూడా పంపుతానంటోంది.

మీ మావయ్య